కాల్షియం స్కోర్ స్కాన్: మెషీన్ ఏదని కాదు, డీఎల్‌పీ (స్కాన్ మొత్తంలో పడిన రేడియేషన్ లెక్క) ఎంతని అడగండి

గుండె హెల్త్ ప్యాకేజీల్లో ఈ మధ్య తరచూ కనిపిస్తున్న కరోనరీ కాల్షియం స్కోర్‌కు, అంటే గుండె రక్తనాళాల్లో పేరుకున్న కాల్షియాన్ని సీటీ స్కాన్‌తో లెక్కించడానికి, పరీక్షగా మంచి మార్కులే వేయాలి. సూది ఉండదు, కాంట్రాస్ట్ మందు ఉండదు, స్కాన్ కొన్ని సెకన్లలో అయిపోతుంది. మా అభ్యంతరమల్లా చేసే తీరు మీదే. శ్రద్ధగా చేస్తే రేడియేషన్ 1 మిల్లీసీవర్ట్ (శరీరానికి అందే రేడియేషన్‌కు కొలమానం) దగ్గర ఆగుతుంది. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి సగటున అందేదే 2.4. అశ్రద్ధగా చేస్తే అదే మెషీన్ మీద, అదే మనిషికి మూడు నాలుగు రెట్లు పడొచ్చు. రిపోర్టులో స్కోర్ తప్ప మరేమీ రాయరు కాబట్టి పేషెంటుకు ఆ సంగతే తెలియదు.

అన్నిటికంటే పెద్ద తేడా, స్కాన్‌ను గుండె లయతో కలిపే ఈసీజీ పద్ధతిలో ఉంది. ప్రాస్పెక్టివ్ ట్రిగరింగ్‌లో గుండె నిలకడగా ఉండే కొద్ది క్షణాలే ఎక్స్-రే పడుతుంది. రెట్రోస్పెక్టివ్ గేటింగ్‌లో ఎక్స్-రే ట్యూబ్ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. కాల్షియం లెక్కకు ఈ రెండోది అవసరమే లేదు. తర్వాతది స్కాన్ పొడవు. శ్వాసనాళం రెండుగా చీలే చోటు నుంచి గుండె అడుగు వరకు 12 నుంచి 15 సెంటీమీటర్లు చాలు. పైనా కిందా పెంచిన ప్రతి సెంటీమీటరుకూ మోతాదు పెరుగుతుంది.

చాలామంది పట్టించుకోనిది టేబుల్ ఎత్తు. ఛాతీ గ్యాంట్రీ (మెషీన్ గుండ్రటి చట్రం) నడిమధ్యకు రాకుండా ట్యూబ్ వైపు జరిగితే, స్కాన్‌కు ముందు తీసే స్కౌట్ చిత్రంలో శరీరం ఉన్నదానికంటే పెద్దగా కనబడి మెషీన్ తనంతట తానే కరెంటు పెంచేస్తుంది. లేజర్ గీత చూసుకుని టేబుల్ సరిచేయడానికి టెక్నీషియన్‌కు అర నిమిషం పట్టదు.

మోతాదు తగ్గించామని చెప్పుకునే సెంటర్లన్నీ స్కోర్‌ను సరిగ్గా ఇస్తున్నాయనీ అనుకోవద్దు. 1990లో డాక్టర్ అగాట్‌స్టన్ బృందం ఇచ్చిన స్కోర్ లెక్క 130 హౌన్స్‌ఫీల్డ్ (సీటీ చిత్రంలో తెలుపుకు కొలమానం) హద్దు మీద నిలబడింది, అంతకు మించి తెల్లగా ఉన్నదే కాల్షియం. ఇప్పటి సీటీల్లో దానికి 120 కేవీ (ఎక్స్-రే ట్యూబ్ వోల్టేజీ) ప్రామాణికం. 100 కేవీకి దించితే రేడియేషన్ తగ్గుతుంది గానీ కాల్షియం మరింత తెల్లగా కనిపిస్తుంది. హద్దును 147 దాకా పెంచకపోతే స్కోర్ ఉబ్బిపోతుంది. చిత్రంలో మరకలు తగ్గించే ఇటరేటివ్ రీకన్‌స్ట్రక్షన్ అనే కంప్యూటర్ పద్ధతిని గట్టిగా వాడితే అందుకు విరుద్ధం: చిన్న చిన్న మచ్చలు చెరిగిపోయి స్కోర్ తగ్గుతుంది. రొమ్ము మీద బిస్మత్ లోహపు కవచం వేయడం కూడా మేం మెచ్చం, అది చిత్రంలో విలువలను తారుమారు చేస్తుంది. ఉన్నవాటిలో మాకు బాగా నచ్చింది టిన్ ఫిల్టర్. చిత్రానికి ఉపయోగపడని బలహీన కిరణాలను అది ముందే ఆపేస్తుంది. దానితో 100 కేవీ దగ్గర కూడా 130 హద్దు దాదాపుగా సరిపోతుంది, మోతాదు అర మిల్లీసీవర్ట్ కంటే కిందికి దిగుతుంది.

స్కాన్ అయ్యాక, మెషీన్ మోతాదు చూపే డోస్ పేజీ అడిగి తీసుకోండి. అందులో డీఎల్‌పీ అంకెను 0.014తో గుణిస్తే సుమారు మిల్లీసీవర్ట్‌లు వస్తాయి. 70 ఉంటే ఒకటికి దగ్గర, బాగుంది. 200 దాటితే, మనిషి బాగా భారీకాయుడు కాకుంటే, కారణం అడగాల్సిందే. ఆ పేజీ ఇవ్వబోమనే సెంటర్‌కు మా సిఫారసు లేదు.

పేషెంటు వైపు నుంచీ కొంత పని ఉంది. ఆ పూట కాఫీ, టీ మానేయాలి, గుండె వేగం పెరిగితే చిత్రం చెదురుతుంది. పుస్తెలతాడు, గొలుసులు, హుక్కులున్న లోదుస్తులు తీసేయాలి. ఊపిరి బిగబట్టడం స్కాన్‌కు ముందే ఒకటి రెండుసార్లు సాధన చేయించాలి. మధ్యలో ఊపిరి వదిలేస్తే మళ్ళీ తీయాలి, మోతాదు రెట్టింపవుతుంది.

స్టెంట్ లేదా బైపాస్ అయినవారికి ఈ పరీక్షతో కొత్తగా తెలిసేది ఉండదు. ఈమధ్యే వేరే కారణానికి ఛాతీ సీటీ తీసి ఉంటే, గుండె రక్తనాళాల్లో కాల్షియం ఉందో లేదో దాంట్లోనే చూసి చెప్పమని రేడియాలజిస్టును అడగండి. స్కోర్ సున్నా వచ్చినవారిని ఏటా పిలిచే ప్యాకేజీలకు ఒప్పుకోవద్దు. షుగర్ లాంటి పెద్ద ముప్పేమీ లేకపోతే మళ్ళీ చూడటానికి సాధారణంగా మూడు నుంచి ఐదేళ్ళు ఆగొచ్చు.