కీక్లోక్ లాగిన్ పేజీ మన యాప్‌లో కలిసిపోతుందా? వాడి చూసి రాస్తున్న రివ్యూ

కలిసిపోతుంది, బాగానే కలిసిపోతుంది, కాకపోతే ఎంతవరకు గెలకాలి ఎక్కడ చెయ్యి తీసెయ్యాలి అన్నది చూసుకోకుండా దిగితే తర్వాత అప్‌గ్రేడ్ టైమ్‌లో ఏడుపొస్తుంది. ఇది కీక్లోక్ మొత్తం మీద రివ్యూ కాదండి, టోకెన్లు రోల్సు ఫెడరేషను అన్నీ పక్కన పెట్టండి, ఒక్క లాగిన్ పేజీ కస్టమైజేషన్ గురించే రాస్తున్నా. నేను ఇచ్చేది ఐదుకి నాలుగు.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. కీక్లోక్ రెడ్‌హ్యాట్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ దగ్గర మొదలైన ఓపెన్ సోర్స్ లాగిన్ సర్వర్. 1.0 వచ్చింది 2014లో, 2023లో సీఎన్‌సీఎఫ్‌లో (క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్) ఇంక్యుబేషన్ ప్రాజెక్టుగా చేరింది. అపాచీ 2.0 లైసెన్సు కాబట్టి యూజర్ల తల లెక్కన కట్టేదేమీ లేదు, మన సర్వర్‌లో మనమే పెట్టుకుని మనమే చూసుకోవాలి. చిన్న కంపెనీలకి ఇదే పెద్ద ఆకర్షణ, ఇదే పెద్ద బరువు కూడా.

మేం వాడింది ఎరువులు పురుగుమందుల డీలర్లు ఆర్డర్లు పెట్టుకునే వెబ్ యాప్‌కి. యాప్ అంతా ఆకుపచ్చ రంగు, పెద్ద పెద్ద అక్షరాలు, మొత్తం తెలుగు. లాగిన్ నొక్కగానే కీక్లోక్ డిఫాల్ట్ పేజీకి పోతుంది, అక్కడ ఇంగ్లీషు, వేరే ఫాంటు, వేరే రంగు, మధ్యలో ఒక తెల్ల కార్డు. పెళ్ళి పందిట్లోకి పోతున్నవాళ్ళని మధ్యలో తాలూకా ఆఫీసు గుండా నడిపించినట్టు ఉంటుంది. మా క్లయింటు పెద్దాయన అయితే ఒక్క ముక్కలో తేల్చేశారు, "బాబూ, ఇది ఎవరిదో దొంగ సైటు అనుకుని మా డీలర్లు పాస్‌వర్డ్ కొట్టట్లేదయ్యా" అని. ఆయన భయం సబబే, ఓటీపీ మోసాలు ఇన్ని చూశాక తెలియని పేజీలో పాస్‌వర్డ్ కొట్టకపోవడమే తెలివైన పని కదా.

ఇక్కడ అందరికీ వచ్చే ఐడియా ఒకటుంది, అసలు ఆ రీడైరెక్ట్ గోల ఎందుకు, మన యాప్‌లోనే రెండు బాక్సులు పెట్టి పాస్‌వర్డ్ తీసుకుని వెనక నుంచి కీక్లోక్‌కి పంపేస్తే పోలా అని. వద్దు. ఆ పద్ధతిని అసలు వాడకూడదని 2025 జనవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9700 (ఇలాంటి లాగిన్ల భద్రత మీద ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) గట్టిగానే చెప్పింది, పైగా అలా చేస్తే రేపు టూ ఫ్యాక్టర్ పెడదామన్నా గూగుల్ లాగిన్ కలుపుదామన్నా దారి ఉండదు. సరే ఐఫ్రేమ్‌లో, అంటే మన పేజీ లోపలే ఇంకో పేజీ తెరిచే పెట్టెలో, పెడదాం అంటే కీక్లోక్ పంపే సెక్యూరిటీ హెడర్లు డిఫాల్ట్‌గా వేరే సైటు లోపల ఫ్రేమ్‌లో తెరుచుకోనివ్వవు, అలా ఉండటమే మంచిది కూడా. కాబట్టి మిగిలిన దారి ఒక్కటే, పేజీ కీక్లోక్ సర్వర్‌లోనే ఉండాలి, చూడ్డానికి మాత్రం మనదిలా ఉండాలి.

అందుకు కీక్లోక్‌లో ఉన్నది థీమ్ సిస్టమ్. మీరు ఒక ఫోల్డర్ పెడతారు, లోపల లాగిన్ అని ఇంకో ఫోల్డర్, అందులో థీమ్ డాట్ ప్రాపర్టీస్ అనే చిన్న ఫైలు, పక్కన సీఎస్ఎస్ (పేజీ రంగులు, సైజులు చెప్పే ఫైలు), బొమ్మలు, మెసేజీల ఫైళ్ళు. ప్రాపర్టీస్ ఫైల్లో పేరెంట్ ఎవరో రాస్తే మీరు మార్చనివన్నీ ఆ పేరెంట్ నుంచి వచ్చేస్తాయి, అంటే మొత్తం పేజీ మళ్ళీ రాయక్కర్లేదు, తేడాలు మాత్రం రాస్తే చాలు. ఈ ఒక్క డిజైన్ నిర్ణయానికే నేను ఒక స్టారు ఇస్తా. ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోండి, స్టైల్స్ అనే లైన్లో మీ సీఎస్ఎస్ పేరు ఒక్కటే రాస్తే పేరెంట్ సీఎస్ఎస్ పోతుంది, పేజీ బట్టల్లేకుండా నిలబడుతుంది, కాబట్టి ముందు వాళ్ళ ఫైలు పేరు తర్వాత మీ ఫైలు పేరు రెండూ రాయాలి. డెవలప్‌మెంట్‌లో థీమ్ క్యాష్ ఆపే సెట్టింగులు మూడున్నాయి, అవి ఆపుకుని కూర్చోండి, లేకపోతే రంగు మార్చినా పాత రంగే కనిపించి మీ కళ్ళ మీద మీకే అనుమానం వస్తుంది.

సీఎస్ఎస్‌తో ఎంత అవుతుందంటే, బ్యాక్‌గ్రౌండు, లోగో, బటన్ రంగు, కార్డు మూలలు, ఫాంటు, వెడల్పు, ఇవన్నీ అయిపోతాయి, మామూలు యాప్‌కి ఇంతకంటే అక్కర్లేదు. ఇంకో సుఖం ఏంటంటే హెచ్‌టీఎంఎల్‌లో ఏ ఎలిమెంట్‌కి ఏ క్లాస్ పడాలో కూడా అదే ప్రాపర్టీస్ ఫైల్లో రాసుకోవచ్చు, అంటే మీ యాప్ బూట్‌స్ట్రాప్ మీదో టెయిల్‌విండ్ మీదో ఉంటే బటన్ క్లాస్, ఇన్‌పుట్ క్లాస్ మీవే పెట్టేసుకోవచ్చు, టెంప్లేట్ (పేజీ హెచ్‌టీఎంఎల్ ఉండే ఫైలు) ముట్టుకోకుండానే. చాలామంది దీన్ని గమనించరు, నేరుగా టెంప్లేట్ కాపీ చేసి అందులో క్లాసులు మార్చుకుంటూ పోతారు. ఒకే రెల్మ్‌లో (యూజర్లు, సెట్టింగులు కలిసి ఉండే విభాగం) రెండు యాప్‌లు ఉంటే ఒక్కో క్లయింట్‌కి (కీక్లోక్ భాషలో క్లయింట్ అంటే యాపే) వేరే లాగిన్ థీమ్ కూడా ఎంచుకోవచ్చు, డీలర్లకి ఆకుపచ్చ పేజీ, ఆఫీసు స్టాఫ్‌కి మామూలు పేజీ, మేం అలాగే పెట్టాం.

ఇక తెలుగు సంగతి. నాకు అన్నింటికంటే పని పడింది ఇక్కడే, ఎక్కువ నచ్చింది కూడా ఇక్కడే. రెల్మ్ సెట్టింగుల్లో లోకలైజేషన్ ఆన్ చేసి, థీమ్‌లో తెలుగు మెసేజీల ఫైలు పెట్టి, లోకేల్స్ లైన్లో తెలుగు కోడ్ చేర్చాలి, భాష మార్చుకునే లిస్టులో 'తెలుగు' అని తెలుగులోనే కనపడటానికి కూడా ఒక మెసేజీ ఉంటుంది. ఫైలు యూటీఎఫ్ 8లో పెడితే తెలుగు నేరుగా టైప్ చేసుకోవచ్చు. ఏదైనా లైను మీరు అనువదించకపోతే అక్కడ ఇంగ్లీషు వస్తుంది, పేజీ పగలదు, కాబట్టి ముఖ్యమైనవి ముందు చేసుకుని మిగతావి నెమ్మదిగా చేసుకోవచ్చు. ఒకటి రెండు వాక్యాలే మార్చాలంటే థీమ్ కూడా అక్కర్లేదు, అడ్మిన్ కన్సోల్‌లోనే లోకలైజేషన్ ట్యాబ్ కింద ఆ మెసేజీని ఓవర్‌రైడ్ చెయ్యొచ్చు, ఆఫీసులో కోడింగ్ రాని అమ్మాయి కూడా చేసేసింది. ఇంకోటి, డీలరు యాప్‌లో తెలుగు పెట్టుకుని ఉంటే లాగిన్ పేజీ కూడా తెలుగులోనే తెరుచుకోవాలి కదా, దానికి లాగిన్ రిక్వెస్టుతో పాటు యూఐ లోకేల్స్ అనే పారామీటర్లో తెలుగు కోడ్ పంపితే సరి, వాళ్ళ జావాస్క్రిప్ట్ లైబ్రరీలో అయితే లోకేల్ అనే ఆప్షన్ ఉంది.

కానీ డిఫాల్ట్ సీఎస్ఎస్ తెలుగు అక్షరాన్ని దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు, అది ఇంగ్లీషు ఎత్తుకి కొలిచి రాసింది. మన అక్షరానికి పైన గుడులు కింద ఒత్తులు ఉంటాయి, బటన్ ఎత్తు గీసినట్టు ఫిక్స్ చేసి లైన్ హైట్ తక్కువ పెడితే కింద ఒత్తు సగానికి తెగిపోతుంది. లైన్ హైట్ 1.6 దాకా పెంచి, ఎత్తు ఫిక్స్ చెయ్యకుండా ప్యాడింగ్‌తో వదిలేస్తే కుదిరింది. ఫాంటుకి నోటో సాన్స్ తెలుగు పెట్టాం, శీర్షికకి రామభద్ర ప్రయత్నించాం గానీ లాగిన్ పేజీకి అది సినిమా పోస్టర్‌లా అనిపించి తీసేశాం, మండలి ఫాంటు కూడా బానే ఉంటుంది. ఫాంటు ఫైళ్ళు థీమ్‌లోనే పెట్టేసుకోండి, బయట సైటు నుంచి లాగితే పల్లెటూళ్ళో నెట్ స్లోగా ఉన్నచోట అక్షరాలు గెంతుతూ వస్తాయి. తెలుగు వాక్యం పొడుగు కూడా లెక్కేసుకోండి, రిమెంబర్ మీ పక్కనే ఫర్‌గాట్ పాస్‌వర్డ్ ఒకే వరసలో ఇంగ్లీషులో సర్దుకుంటాయి, 'నన్ను గుర్తుపెట్టుకో', 'పాస్‌వర్డ్ మర్చిపోయారా?' రెండూ చిన్న ఫోన్లో ఒక వరసలో పట్టవు, కిందకి దించెయ్యాలి.

2024 అక్టోబర్‌లో వచ్చిన 26వ వెర్షన్ నుంచి కొత్త లాగిన్ థీమ్ డిఫాల్ట్ అయింది, ప్యాటర్న్‌ఫ్లై 5 అనే డిజైన్ లైబ్రరీ మీద కట్టినది. పాతదానికంటే చూడ్డానికి నీట్‌గా ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. దాంతోపాటు డార్క్ మోడ్ కూడా వచ్చింది, ఫోన్లో డార్క్ పెట్టుకున్నవాళ్ళకి పేజీ దానంతటదే నల్లగా మారుతుంది. మీ యాప్‌లో డార్క్ మోడ్ లేకపోతే ఇది వరం కాదు తలనొప్పి, తెల్ల యాప్ నుంచి నల్ల లాగిన్ పేజీకి వెళ్ళి మళ్ళీ తెల్ల యాప్‌కి రావడం, ముదురు ఆకుపచ్చ లోగో నల్ల వెనకాల కనపడకపోవడం. ప్రాపర్టీస్ ఫైల్లో డార్క్ మోడ్ ఫాల్స్ అని ఒక్క లైను రాస్తే ఆగిపోతుంది. పాత థీమ్ కోసం రాసుకున్న సీఎస్ఎస్ కొత్త పేరెంట్ మీద పనిచెయ్యదు, క్లాసుల పేర్లే మారిపోయాయి కాబట్టి, అది ముందే తెలుసుకుని మొదలుపెట్టండి.

టెంప్లేట్ల దాకా వెళ్ళాలా అంటే, ఫ్రీమార్కర్ అనే టెంప్లేట్ భాషలో రాసిన ఫైళ్ళు అవి, లాగిన్‌కొకటి, రిజిస్టర్‌కొకటి, పాస్‌వర్డ్ మార్చడానికొకటి. మీ థీమ్‌లోకి కాపీ చేసుకుని ఏమైనా మార్చుకోవచ్చు, స్వేచ్ఛ బోలెడు. కానీ కాపీ చేసిన రోజు నుంచి ఆ ఫైలు మీ పిల్లే, వెర్షన్ మారినప్పుడు వాళ్ళు అసలు ఫైల్లో పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాక్‌తో లాగిన్ అవడం) బటన్ చేర్చినా ఏదో సెక్యూరిటీ మార్పు చేసినా మీ కాపీలోకి రాదు, మీరే పక్కపక్కన పెట్టి చూసి కలుపుకోవాలి. ఇంకా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ బాక్సులకి ఆటోకంప్లీట్ అట్రిబ్యూట్లు ఉంటాయి, మా డిజైనర్ పంపిన అందమైన హెచ్‌టీఎంఎల్‌లో అవి లేవు, అలాగే అతికించి ఉంటే ఫోన్లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్ నింపమని బ్రౌజర్ అడగడమే మానేసేది. పాస్‌వర్డ్ పేస్ట్ చెయ్యనివ్వకుండా స్క్రిప్టు పెట్టమని ఎవరైనా అడిగితే మొహమాటపడకుండా కుదరదనండి.

రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ తప్ప ఇంకేం రాయం అనే టీమ్‌లకి కీక్లోకిఫై అని వేరే ప్రాజెక్టు ఉంది, రియాక్ట్‌లో పేజీలు రాసుకుంటే అది థీమ్‌గా మార్చి జార్ ఫైలు (జావా ప్యాకేజీ) ఇస్తుంది, స్టోరీబుక్ అనే ప్రివ్యూ టూల్‌లో ప్రతి పేజీ ముందే చూసుకోవచ్చు. యాప్ కాంపోనెంట్లు అవే వాడుకోవచ్చు కాబట్టి పోలిక అచ్చుగుద్దినట్టు వస్తుంది. మా పేజీకి అంత హంగామా అనవసరం అనిపించింది, మీకు పది రకాల స్క్రీన్లు ఉంటే చూడండి.

అసలు చిక్కంతా లాగిన్ పేజీ అయ్యాక మొదలవుతుంది, డెమోలో ఎవరూ చూపించని పేజీలు. బ్యాక్ బటన్ నొక్కితే వచ్చే 'పేజ్ హ్యాజ్ ఎక్స్‌పైర్డ్' పేజీ ఒకటి, అందులో మళ్ళీ మొదలుపెట్టడానికి ఒక లింకు, కొనసాగించడానికి ఒక లింకు, రెండూ ఇంగ్లీషులో ఒకేలా క్లిక్ హియర్ అని ఉంటాయి, కొట్లో కూర్చున్న డీలరుకి ఏది నొక్కాలో ఎలా తెలుస్తుంది? లాగిన్ పేజీ తెరిచి కస్టమర్ వచ్చాడని వదిలేసి వెళ్తే డిఫాల్ట్‌గా 30 నిమిషాలకి టైమ్ అయిపోయి మళ్ళీ మొదటికొస్తుంది, ఆ మెసేజీ కూడా తెలుగులో ఉండాలి. ఎర్రర్ పేజీ, పాస్‌వర్డ్ మార్చే పేజీ, ఈమెయిల్ వెరిఫై చేసే పేజీ అన్నీ తెరిచి చూడండి. ఈమెయిళ్ళది విడిగా ఇంకో థీమ్, హెచ్‌టీఎంఎల్‌కొకటి టెక్స్ట్‌కొకటి టెంప్లేట్లు ఉంటాయి, లాగిన్ పేజీ పచ్చగా మెరిసిపోతూ పాస్‌వర్డ్ రీసెట్ మెయిల్ మాత్రం లోగో లేకుండా ఇంగ్లీషులో వస్తే మళ్ళీ అదే దొంగ సైటు అనుమానం.

ఒక స్టారు కోసింది ఎందుకంటే మనవాళ్ళకి అలవాటైన మొబైల్ నంబరు, ఎస్ఎంఎస్ ఓటీపీ లాగిన్ ఇందులో రెడీగా లేదు. ఆథెంటికేటర్ యాప్ కోడ్ ఉంది, పాస్‌కీలు ఉన్నాయి, ఎస్ఎంఎస్ కావాలంటే జావాలో ప్లగిన్ రాసుకోవాలి లేదా ఎవరో రాసింది తెచ్చుకోవాలి, దాని పేజీకి టెంప్లేటు కూడా మనదే, పైగా మన దేశంలో ఎస్ఎంఎస్ టెంప్లేటు డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల మెసేజీ రిజిస్ట్రేషన్ వ్యవస్థ) రిజిస్టర్ చేయించాలి, ఆ తిరుగుడు వేరే. పేజీ ఎంత అందంగా పెట్టినా డీలరు మొదట అడిగేది "పాస్‌వర్డ్ ఎందుకండీ, ఓటీపీ రాదా" అనే.

నెలవారీ సేవలుగా దొరికే మిగతా లాగిన్ సర్వీసులతో పోలిక క్లుప్తంగా. ఆథ్‌జీరోలో లోగో, రంగులు, ఫాంటు డ్యాష్‌బోర్డులోనే మార్చేసుకోవచ్చు, సర్వర్ గోల లేదు, పేజీ చుట్టూ సొంత టెంప్లేటు కావాలంటే మాత్రం కస్టమ్ డొమైన్ పెట్టుకోవాలి. అమెజాన్ కాగ్నిటోలో పాత హోస్టెడ్ యూఐ అయితే లోగో, వాళ్ళు చెప్పిన కొన్ని క్లాసులు మాత్రమే, 2024 నవంబర్‌లో మేనేజ్డ్ లాగిన్ అని బ్రాండింగ్ ఎడిటర్‌తో కొత్తది తెచ్చారు, చాలా నయం, కాకపోతే దానికి ఎసెన్షియల్స్ ప్లాన్ నుంచి పైకి ఉండాలి. రంగు, లోగో మారితే చాలు అనుకునేవాళ్ళు, సర్వర్ చూసుకునే మనిషి లేనివాళ్ళు వాటి వైపు వెళ్ళడమే మేలు. అక్షరం అక్షరం మన భాషలో మన ఇష్టప్రకారం ఉండాలి, యూజర్లు పెరిగినా బిల్లు పెరగకూడదు అంటే కీక్లోక్.

ప్రొడక్షన్‌కి థీమ్‌ని జార్‌గా కట్టి ప్రొవైడర్స్ ఫోల్డర్లో పెట్టండి, డాకర్ ఇమేజ్‌లోనే కలిపేస్తే ఇంకా మంచిది, వెర్షన్ నంబరు ఫిక్స్ చేసి పెట్టుకోండి, లేటెస్ట్ అని వదిలెయ్యొద్దు. మేం మార్చిన టెంప్లేట్ల పేర్లు రీడ్‌మీలో మొదటి లైన్లోనే రాసుకున్నాం, కొత్త వెర్షన్ వచ్చినప్పుడు చూడాల్సింది ఆ లైనే కాబట్టి. ప్రస్తుతానికి అందులో ఎక్స్‌పైర్డ్ పేజీ ఒక్కటే ఉంది, ఇంకోటి చేరుస్తానని ఎవరైనా వస్తే ముందు సీఎస్ఎస్‌తో ప్రయత్నించావా అని అడుగుతున్నాం.