క్లీవ్‌లాండ్‌లో మూడు మధ్యాహ్నాలు

మనవాళ్లకు అమెరికాలోని క్లీవ్‌లాండ్ అంటే త్యాగరాజ ఆరాధన. 1978 నుంచి ఏటా ఈస్టర్ రోజుల్లో జరిగే ఆ ఉత్సవానికి వెళ్లొచ్చినవాళ్లు మా బంధువుల్లోనే అరడజను మంది ఉన్నారు. నాకు మాత్రం ఆ ఊరంటే బేస్‌బాల్. 1995లో చదువు కోసం వెళ్లి, శివారులోని పార్మాలో ఒక ఇంటి పై వాటాలో అద్దెకు దిగాను. ఇంటాయన ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారు. టీవీలో ఆట చూస్తూ బిక్కమొహం వేసిన నాకు, వంటింటి బల్ల మీద ఉప్పు డబ్బా, మిరియాల డబ్బా, రెండు కాఫీ కప్పులు నాలుగు మూలలా పెట్టి, ఒక పరుగు కోసం వరసగా తాకాల్సిన బేస్‌లు చూపించారు. ముప్పై ఏళ్లు గడిచాయి. ఆయనకిప్పుడు ఎనభై మూడు. నేను ఆ ఊరు వదిలి చాలా కాలమైంది, ఆ జట్టు మాత్రం నన్ను వదల్లేదు.

2025 సెప్టెంబరు 30 నుంచి మూడు రోజుల పాటు క్లీవ్‌లాండ్ గార్డియన్స్, డెట్రాయిట్ టైగర్స్ అనే బేస్‌బాల్ జట్ల మధ్య ప్లేఆఫ్, అంటే నాకౌట్ సిరీస్. ఎవరు ముందు రెండు గెలిస్తే వాళ్లు ముందుకు, రెండోవాళ్లు ఇంటికి. మూడు ఆటలూ మా ఊళ్లోనే. జులై మొదట్లో మావాళ్లు ఇదే డెట్రాయిట్ కంటే పదిహేనున్నర ఆటలు వెనకబడి ఉన్నారు. (ఆ అర ఏమిటని అడగకండి, అదో లెక్కల గోల.) అక్కడి నుంచి లేచి వచ్చి డివిజన్, అంటే తమ గుంపులో మొదటి స్థానం గెలిచారు. బేస్‌బాల్ చరిత్రలో అంత వెనక నుంచి వచ్చి డివిజన్ గెలిచిన జట్టు ఇంకోటి లేదు. సెలవు పెట్టి టికెట్లు కొనేశాను.

ముందు రైలు సంగతి. హాప్కిన్స్ విమానాశ్రయం కిందే రెడ్ లైన్ స్టేషను. విమానాశ్రయం నుంచి నడిబొడ్డుకు ఇలా రైలు వేసిన మొదటి అమెరికన్ నగరం ఇదే, 1968లో. టికెట్ రెండున్నర డాలర్లు. పెట్టెలు పాతవి, మలుపుల్లో కీచుమంటాయి, అయినా అరగంటలో నడిబొడ్డులోని టవర్ సిటీ స్టేషన్లో దింపేస్తుంది. అక్కడి నుంచి లోపలి నడవా గుండా, వాన పడినా తడవకుండా, మైదానం పక్కదాకా వెళ్లొచ్చు. ఆట కోసం వెళ్లేవాళ్లకు కారు అక్కర్లేదు. మూడో రోజు ఆ పార్మా ఇంటాయన, మా పెద్దాయన కోసం నేను కారు తీసుకున్నాను, దానికి తగిన శాస్తే జరిగింది. మామూలు రోజుల్లో పది డాలర్లు రాసి ఉండే ఒక పార్కింగ్ స్థలంలో ఆ రోజు అట్టముక్క మీద నలభై అని రాసి పెట్టారు. రసీదు అడిగితే అక్కడి కుర్రవాడు నవ్వాడు.

బస విషయానికొస్తే, నడిబొడ్డు హోటళ్లు ప్లేఆఫ్ పుణ్యమా అని కొండెక్కి కూర్చున్నాయి. నది అవతల ఒహాయో సిటీ అనే పాత పేటలో ఒక ఇంటి పై అంతస్తు దొరికింది. తలుపుకు తాళం లేదు, అంకెలు నొక్కాలి. నొక్కాను, తెరుచుకోలేదు. నలభై నిమిషాలు పెట్టె పక్కన పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాక యజమాని ఫోను ఎత్తి, నేనే తప్పు నొక్కి ఉంటానన్నాడు. ఆ తర్వాత తను పంపింది పాత నంబరని తేలింది. గది మాత్రం శుభ్రంగా ఉంది, మంచం బాగుంది. మళ్లీ వెళితే ఆ పేటలోనే దిగుతాను, ఆ ఇంట్లో మాత్రం కాదు.

ఆ పేటలో దిగడానికి మొదటి కారణం వంతెన. హోప్ మెమోరియల్ బ్రిడ్జి మీదుగా నడిచి ఇరవై నిమిషాల్లో మైదానానికి చేరొచ్చు. 1932లో కట్టిన ఆ వంతెన రెండు కొసల్లోనూ 43 అడుగుల ఇసుకరాతి విగ్రహాలున్నాయి, మొత్తం ఎనిమిది. మన గుళ్లలో ద్వారపాలకులు గద పట్టుకున్నట్టు, వీళ్లు రెండు చేతులతో బండ్లు పట్టుకుని నిలబడతారు. ఒకరి చేతిలో గడ్డిబండి, ఒకరి చేతిలో ఆ కాలపు మోటారుకారు, ఇంకొకరి చేతిలో కాంక్రీటు కలిపే లారీ. రాకపోకల కాపరులని వాళ్ల పేరు. 2021లో జట్టు ‘ఇండియన్స్’ అనే పాత పేరు మార్చినప్పుడు కొత్త పేరు వీళ్ల దగ్గర నుంచే తీసుకుంది. పెద్దాయన ఇప్పటికీ నోరుజారి పాత పేరే అంటారు, వెంటనే నాలుక కరుచుకుంటారు.

మొదటి ఆట మంగళవారం మధ్యాహ్నం. పనిరోజు కావడంతో పై అంతస్తులో ఖాళీలు కనిపించాయి. సుమారు ఇరవై ఆరు వేల మంది వచ్చారు, గోల మాత్రం నిండు మైదానంలా ఉంది. అవతలి పిచర్, అంటే బంతి విసిరేవాడు, టారిక్ స్కూబల్. అంతకు సరిగ్గా వారం ముందు, ఇదే మైదానంలో, అతను విసిరిన గంటకు 99 మైళ్ల బంతి మా డేవిడ్ ఫ్రై ముఖానికి తగిలి ఎముకలు విరిగాయి. ఆ క్షణంలో స్కూబల్ టోపీ, గ్లవ్ నేలకు పడేసి నిలబడిపోయాడు. మంగళవారం మాత్రం పద్నాలుగు మందిని స్ట్రైక్ అవుట్ చేశాడు, అంటే మూడేసి అవకాశాల్లోనూ సరిగా కొట్టనివ్వకుండా పంపేశాడు.

ఇక్కడ పెద్దాయన పెన్సిల్ గురించి చెప్పాలి. ఆయన ప్రతి ఆటకూ స్కేలుతో గళ్లు గీసిన కాగితం తెచ్చుకుంటారు. ఒక్కో బ్యాటర్‌కు ఒక్కో గడి. స్ట్రైక్ అవుట్ అయితే ఇంగ్లిషు ‘కే’ అక్షరం. బ్యాటు కదపకుండా చూస్తూ నిలబడి అవుటైతే అదే అక్షరాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి రాస్తారు. ఆ రోజు మా జట్టు గళ్లన్నీ ‘కే’లతో నిండిపోతుంటే నేను తల పట్టుకుని కూర్చున్నాను. ఆయన మోచేత్తో పొడిచి, “తల ఎత్తి చూడు. ఇలాంటి విసురు మళ్లీ ఎన్నాళ్లకు చూస్తావు?” అన్నారు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, అంటే ఆఖరి వంతులో, మా హోసే రమీరెజ్ ఒక్క అవుటూ పడకముందే మూడో బేస్ చేరాడు. చేరినవాడు పరుగు మాత్రం పూర్తి చేయలేకపోయాడు. ఒకటికి రెండుతో ఓడాం. ఆయన ఆఖరి గడి నింపి, తేదీ వేసి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

బుధవారం పొద్దున వెస్ట్ సైడ్ మార్కెట్‌కు వెళ్లాను. మంగళ, గురువారాల్లో మూసి ఉంటుంది, చూసుకుని వెళ్లండి. 1912 నాటి భవనం, పసుపు ఇటుక, గడియారపు గోపురం. లోపల సగం మాంసం దుకాణాలే, శాకాహారులు ఆ వాసనకు సిద్ధపడాలి. వాళ్లకు దొరికే మంచి తిండి పీరోగి. బంగాళాదుంప, చీజ్ కూరి కజ్జికాయలా మడిచి, ఉడికించి వెన్నలో వేయించి, పైన ఉల్లిపాయ వేస్తారు. తూర్పు ఐరోపా నుంచి ఉక్కు పనికి వచ్చినవాళ్లు ఈ ఊరికి ఇచ్చిన ఆస్తి అది. వెంట కాస్త ఆవకాయ ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. మైదానంలోనూ దొరుకుతుంది గానీ అక్కడ ధర ఎక్కువ, వేడి తక్కువ. మైదానంలో తినదగ్గది వేరుశనక్కాయలు.

ఆ మధ్యాహ్నం గెలిచాం. ఏడు ఇన్నింగ్స్‌లు ముగిసేసరికి ఒకటీ ఒకటిగా బిగిసిపోయిన ఆట, ఎనిమిదో దాంట్లో మా బ్రాయన్ రోకియో బంతిని కంచె దాటించిన హోమ్ రన్‌తో తెగింది. వెనకే బో నేలర్ ఇంకొకటి కొట్టి మూడు పరుగులు తెచ్చాడు. ఆరు ఒకటి. పక్కన ఎవరో తెలియని ఆవిడ నన్ను కౌగిలించుకుంది, ఆమె గ్లాసులోని బీరు నా చొక్కా మీద. పెద్దాయన ఆఖరి గడి నింపి, తేదీ వేసి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

మూడో రోజు తొందరగా వెళ్లి, ఆయన ఎడమ వైపు బ్లీచర్ల, అంటే కంచె వెనక బల్లల, పైవరుస చూడాలంటే తీసుకెళ్లాను. మెట్లు ఎక్కడానికి పదిహేను నిమిషాలు పట్టింది. అక్కడ బల్లకు బిగించిన కంచు డప్పు ఒకటి ఉంది. జాన్ ఆడమ్స్ అనే అభిమాని 1973 నుంచి 2019 దాకా, మొదట పాత మైదానంలో, 1994 నుంచి ఇక్కడ ఆ వరుసలో కూర్చుని డప్పు కొట్టాడు. మూడు వేల ఏడు వందలకు పైగా ఆటలు. జట్టు అట్టడుగున ఉండి, మైదానంలో మనుషుల కంటే కుర్చీలు ఎక్కువగా కనిపించిన ఏళ్లలో కూడా. 2023లో పోయాడు. పెద్దాయన డప్పు మీద వేళ్లతో రెండుసార్లు తట్టి, ఆయాసపడుతూ దిగారు.

ఓడిపోయాం. ఆరో ఇన్నింగ్స్‌లో డెట్రాయిట్ ఆటగాడు డిల్లన్ డింగ్లర్ హోమ్ రన్, ఏడో దాంట్లో ఇంకో నాలుగు పరుగులు, చివరికి ఆరు మూడు. మూడు నెలలు పరిగెత్తి పట్టుకున్నదంతా నలభై నిమిషాల్లో పోయింది. నాకు తిండి సహించలేదు. పార్కింగ్ దగ్గర నలభై డాలర్ల కుర్రవాడి మీద అనవసరంగా అరిచాను, తర్వాత సిగ్గేసింది.

పార్మా వెళ్లాక ఆయన బీరువాలోంచి చెప్పుల పెట్టెలు దించారు. 1954లో ఆ జట్టు 111 ఆటలు గెలిచి, ఫైనల్లో నాలుగుకు నాలుగూ ఓడింది. ఆ కాగితం మీద పన్నెండేళ్ల పిల్లవాడి అక్షరాలు. 1997 ఫైనల్లో ఏడో ఆట, పదకొండో ఇన్నింగ్స్‌లో చేజారినది, గళ్లు చాలక వెనక వైపు రాశారు. 2016 ఫైనల్లో ఏడో ఆట కాగితం ఉబ్బి ఉంది, పదిహేడు నిమిషాల వాన విరామంలో తడిసింది. జట్టు చివరిసారి కప్పు గెలిచింది 1948లో, అప్పటికి ఆయన వయసు ఆరు, రాయడం రాదు. అంటే ఆ పెట్టెల్లో కప్పు గెలిచిన కాగితం ఒక్కటీ లేదు. అదే మాట అన్నాను. “గెలిచిన ఆటలు బోలెడున్నాయి కదా, నిన్నటిది కూడా పెట్టాను” అన్నారు. తర్వాత ఫ్రై ముక్కు ఎలా ఉందో వార్తల్లో వచ్చిందా అని అడిగారు.

మర్నాడు విమానాశ్రయంలో గేటు దగ్గర ఉండగా ఫోను చేశారు. ఐదో ఇన్నింగ్స్‌లో తను బాత్‌రూంకు వెళ్లినప్పుడు ఒక గడి ఖాళీగా మిగిలిందట, ఆ బ్యాటర్ ఎలా అవుటయ్యాడని అడిగారు. వెతికి చెప్పాను. ఫోను పెట్టేయకుండా పక్కన ఉంచినట్టున్నారు, కాగితం మీద పెన్సిల్ గీసిన చప్పుడు వినిపించింది.