క్లబ్బుకు కాకతీయ కళ: ఫైబర్ తోరణమా, పెంబర్తి ఇత్తడా?

హన్మకొండలోనో కరీంనగర్‌లోనో పాత క్లబ్బును బాగుచేద్దామని కమిటీ కూర్చుంటే ‘కాకతీయ లుక్ రావాలి’ అనే మాట తప్పకుండా వస్తుంది. ఆ లుక్ రావడానికి దారులు రెండు. వరంగల్ కోట రాతి ద్వారం లాంటి తోరణం, రామప్ప గుడి స్తంభాలు, అక్కడి మదనికల (నాట్యభంగిమలోని స్త్రీల) బొమ్మలు ఫైబర్‌తోనో పీఓపీతోనో చేయించి గోడలకు బిగించడం ఒకటి. భవనాన్ని దాని తీరులోనే బాగుచేసి, మన చేతిపనివాళ్ల సరుకుతో అలంకరించడం రెండోది.

మొదటి దాంట్లో పని త్వరగా అయిపోతుంది, ఫొటోల్లో అందంగా పడుతుంది. ఫంక్షన్లకు హాలు అద్దెకిచ్చే క్లబ్బుకు అదేం చిన్న విషయం కాదు. కానీ వరంగల్ కోటలోని నాలుగు తోరణాలూ స్వయంభూ శివాలయం చుట్టూ ఆరుబయట నిలబెట్టినవి, తలెత్తి చూడాల్సినవి. వాటిని పదకొండు అడుగుల కప్పు కిందికి కుదిస్తే పెళ్లి సెట్టింగే అవుతుంది. 1163 నాటి వేయిస్తంభాల గుడి ఆటో ఎక్కితే కనబడే ఊళ్లో నకలు స్తంభాలు ఎవరి కోసమో నాకైతే అర్థం కాదు.

అసలు తేడా గోడ దగ్గర తెలుస్తుంది. డంగు సున్నంతో కట్టిన గోడ తేమను పీలుస్తుంది, మళ్లీ వదులుతుంది. దానిమీద సిమెంటు పూసి, పుట్టీ పెట్టి, ప్లాస్టిక్ పెయింట్ కొడితే తేమ లోపలే చిక్కుకుంటుంది. కొన్ని వానాకాలాలు గడిచేసరికి గోడ ఉబ్బి పెచ్చులూడుతుంది. మనం బొమ్మలు బిగించింది ఆ గోడకే! ఫాల్స్ సీలింగ్‌తోనూ ఇదే తంటా. ఏసీ చల్లదనం నిలుస్తుంది, నిజమే. కానీ పైన దూలం నానుతున్నా, చెద పట్టినా కంటికి కనబడదు. వేయాల్సిందే అంటే ముందు కప్పు కారడం ఆపి, తర్వాత తనిఖీకి ఒక తలుపు వదలాలి.

రెండో దారిలో ఖర్చు ఎక్కడ పెట్టాలో తెలియాలి. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూలువి కాబట్టి పేకాట గదిలో చాయ్ ఒలికినా ఉతుక్కోవచ్చు. ఖాళీ హాల్లో మాట మార్మోగుతుంటే గోడకు వేలాడదీయండి, కొంత తగ్గుతుంది. పెంబర్తి ఇత్తడి పని తలుపు మీద, పేరు పలక మీద నిండుగా ఉంటుంది. హాలంతా వద్దు, చింతపండుతో తోమేదెవరు? చేర్యాల నకాషీ బొమ్మలకు ఎండ తగలని లోపలి గోడే మేలు. చింతగింజల జిగురు, సుద్ద పూసిన గుడ్డ మీద వేస్తారు కాబట్టి తేమ వాటికి శత్రువు, అద్దం కట్టించాలి. నేలకు కరీంనగర్ గ్రానైట్ వేసేటట్టయితే వరండాలో, బాత్‌రూం దగ్గర గరుకు రకమే వేయండి. క్లబ్బుకు ఎక్కువగా వచ్చేది రిటైరైన పెద్దలే, తడి నేల మీద అద్దంలాంటి పాలిష్ వాళ్లకు ప్రమాదం.

గుడి నుంచి ఏదో ఒకటి తేవాల్సిందే అంటారా? జాలీ, అంటే చిల్లుల తెర, నమూనా తెచ్చుకోండి. పేకాట గదికీ హాలుకూ మధ్య పెడితే గాలి ఆడుతుంది, చాటూ ఉంటుంది. అయితే టేకుతో చేయించాలి, తేమ తగిలితే ఎండీఎఫ్ (చెక్కపొట్టు అదిమి చేసే పలక) ఉబ్బిపోతుంది.

ఈ రెండో దారిలో ఇబ్బంది సమయమే. సున్నం పని తెలిసిన మేస్త్రీలు తక్కువ, పూత ఆరడానికీ ఓపిక కావాలి. వచ్చే నెలలోనే ప్రారంభోత్సవం పెట్టుకున్న కమిటీకి ఇది కుదరదు. అంత తొందర లేకపోతే నా ఓటు రెండోదానికే. డబ్బు చాలకపోతే ముందు కప్పు, గోడలు చేయించండి. జంపఖానాలు, ఇత్తడి ఏటా కొంత కొనుక్కోవచ్చు. ఫంక్షన్లవాళ్లు తోరణం అడుగుతారనుకుంటే స్టేజీ వెనక విప్పదీసే ఫ్రేము ఒకటి చేయించి, పని లేనప్పుడు స్టోర్ రూంలో పెట్టుకోండి.