ఎలివేషన్‌లో లోతు చూపించే లైన్ వెయిట్లు: ఏళ్ల తరబడి వాడాక

ఎలివేషన్‌లో, అంటే బిల్డింగ్‌ని ఒక వైపు నుంచి ఎదురుగా చూసినట్టు గీసే డ్రాయింగులో, పర్‌స్పెక్టివ్ ఉండదు; దూరంగా ఉన్నది చిన్నదిగా కనిపించదు. పిట్టగోడకి పదిహేను అడుగుల వెనక ఉన్న మెట్ల గది కాగితం మీద పిట్టగోడ మీదే కట్టినట్టు కనిపిస్తుంది. పోర్టికో స్లాబ్ ఎనిమిది అడుగులు ముందుకొచ్చినా గోడకి అంటించిన పట్టీలాగే ఉంటుంది. ఏది ముందుంది, ఏది వెనకుంది అని రంగులూ నీడలూ లేకుండా చెప్పాలంటే మిగిలేది గీత మందం (లైన్ వెయిట్) ఒక్కటే. డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో, ఏ గీత ఎంత మందంలో ప్రింట్ అవ్వాలో చెప్పే సీటీబీ ఫైల్ పెట్టుకుని ఇండిపెండెంట్ ఇళ్లకీ, చిన్న అపార్ట్‌మెంట్లకీ చాలా ఏళ్లుగా ఇలాగే డ్రాయింగులు ఇస్తున్నాను. అన్నీ ఒకే మందంలో ఉన్న ఎలివేషన్ సైట్‌కి వెళ్తే మేస్త్రి ఫోన్ చేస్తాడు: "సార్, ఈ బాక్సు గోడలోనే ఉందా, బయటికొచ్చిందా?" మందాలు సరిగ్గా పెట్టిన షీట్ వెళ్లినప్పుడు ఆ ఫోన్లు బాగా తగ్గాయి. నా మట్టుకు ఈ పద్ధతికి అసలు పరీక్ష అదే.

ముందు పెన్నుల సంగతి, అంటే గీతల మందాలు. అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ వరసలో మందాలు 0.13, 0.18, 0.25, 0.35, 0.5, 0.7, 1.0 మిల్లీమీటర్లు. ఒక్కోటి ముందుదానికి దాదాపు 1.4 రెట్లు. అన్నీ వాడాలని మనసు లాగుతుంది కానీ, 0.25కీ 0.35కీ తేడా ప్రింట్‌లో కంటికి అంత తేలిగ్గా అందదు. అందుకే ఒకటి వదిలి ఒకటి తీసుకుంటాను: 0.13, 0.25, 0.5. ప్రతి మెట్టుకీ మందం రెట్టింపు కాబట్టి చూడగానే తెలుస్తుంది. నేల గీత మాత్రం 0.7. అక్కడ మనం భూమిని నిలువునా కోస్తున్నాం కాబట్టి అన్నిటికన్నా మందంగా ఉండాల్సింది అదే. 0.35ని మూడు నాలుగు అంచెలుగా వెనక్కి వెళ్లే బిల్డింగులకి దాచుకుంటాను.

అసలు కిటుకు అంకెల్లో లేదు, ఏ గీతకి ఏ పెన్ను ఇవ్వాలన్న దాంట్లో ఉంది. చాలా ఆఫీసుల్లో వస్తువుని బట్టి ఇస్తారు: గోడకి ఒకటి, కిటికీకి ఒకటి, గ్రిల్‌కి ఒకటి. దాంతో డ్రాయింగ్ శుభ్రంగా కనిపిస్తుంది కానీ లోతు రాదు. నేను చూసేది ఒక్కటే: ఈ అంచు దాటితే వెనక ఎంత ఖాళీ ఉంది? అంచు దగ్గర వస్తువు అయిపోయి, వెనక ఆకాశమో దూరంగా ఉన్న గోడో కనిపిస్తే 0.5. రెండు తలాలు కలిసే మూల, లేదా కొద్దిగా లోపలికున్న కిటికీ ఓపెనింగ్ అయితే 0.25. తలం మీద ఉన్న గ్రూవులు, టైల్ జాయింట్లు, తలుపు ప్యానెల్ గీతలకి 0.13.

ఒక్క కిటికీనే తీసుకుందాం. పైన రెండడుగుల సన్‌షేడ్ ఉంది. దాని కింది అంచు వెనక రెండడుగుల ఖాళీ, ఆ తర్వాతే గోడ. కాబట్టి అది 0.5. ఓపెనింగ్ చుట్టూ 0.25. ఫ్రేమూ, షట్టరూ, గ్రిల్ కడ్డీలూ అన్నీ 0.13. ఇంతే చేస్తే సన్‌షేడ్ కాగితంలోంచి ముందుకొస్తుంది, గ్రిల్ లోపలికి వెళ్తుంది. మెట్ల గది విషయంలో కూడా అంతే. పిట్టగోడ పై అంచుకి 0.5 ఇచ్చి, వెనకున్న గది చుట్టుగీతని 0.25కి తగ్గిస్తే అది వెనక్కి జరుగుతుంది. ఆకాశం ముందున్న అంచు కదా, 0.5 ఉండాలి కదా అని మీరు అడగొచ్చు. నిజమే, కానీ ముందూ వెనకా తేల్చుకోవాల్సి వస్తే ముందున్నదానికే మందం ఇస్తాను.

ఈ నియమం బాల్కనీ రెయిలింగ్ దగ్గర పనిచేయదు. కడ్డీల వెనక నాలుగడుగుల ఖాళీ ఉంది కాబట్టి లెక్క ప్రకారం 0.5 ఇవ్వాలి. కానీ నాలుగంగుళాలకో కడ్డీ ఉంటే, 1:100 స్కేల్‌లో మిల్లీమీటరుకో గీత పడుతుంది. సగం కాగితం నల్లబడిపోతుంది. అందుకని పైన పట్టుకునే కమ్మీకి మాత్రం 0.5, కడ్డీలకి 0.13. జాలీలకీ ఇదే.

స్క్రీన్ మీద చూసి తీర్పు చెప్పడం కుదరదు. ఆటోక్యాడ్‌లో మనం గీసే చోటైన మోడల్ స్పేస్‌లో లైన్ వెయిట్లు పిక్సెళ్లలో కనిపిస్తాయి, జూమ్ చేసినా మందం మారదు. ప్రింట్ తీసి చేతి దూరంలో పెట్టుకుని చూడాల్సిందే. చుట్టుగీతని ముక్కలు ముక్కలుగా కాకుండా ఒకే పాలీలైన్‌గా (తెగని ఒకే గీతగా) గీస్తే మందపాటి గీతల మూలలు శుభ్రంగా కలుస్తాయి. ఒకదాని మీద ఒకటి పడ్డ డూప్లికేట్ గీతల్ని ఓవర్‌కిల్ కమాండ్‌తో తీసేయాలి, లేకపోతే కింద నక్కిన మందపాటి గీత ప్రింట్‌లో పైకి తేలుతుంది.

సైట్‌లో తిరిగేది మనం ఇచ్చిన ప్రింట్ కాదు, దాని జిరాక్స్. రెండోసారి జిరాక్స్ తీసేసరికి 0.13 గీతలు తెగిపోతాయి. అందుకే ఏ2 షీట్లకి ఇంకో సీటీబీ ఉంచుకున్నాను: 0.18, 0.35, 0.7, నేలకి 1.0. జిరాక్స్‌లో ఏ2ని ఏ3కి తగ్గిస్తే ఇవే 0.13, 0.25, 0.5, 0.7 అవుతాయి. కాగితం సైజులూ పెన్నులూ ఒకే నిష్పత్తిలో మారతాయి కాబట్టి ఇది కుదురుతుంది. ఆటోక్యాడ్ నుంచే ఏ3కి తగ్గించి ప్రింట్ ఇస్తుంటే మాత్రం ప్లాట్ విండోలో స్కేల్ లైన్‌వెయిట్స్ టిక్ పెట్టాలి. లేకపోతే బొమ్మ చిన్నదవుతుంది, గీతలు పాత మందంలోనే ఉండి ముద్ద కడతాయి.

త్రీడీ మోడల్ కట్టే రెవిట్ సాఫ్ట్‌వేర్‌లో కూడా కొంతకాలంగా చేస్తున్నాను. అక్కడ మందం కేటగిరీని బట్టి వస్తుంది, అంటే మళ్లీ వస్తువుని బట్టే. డెప్త్ క్యూయింగ్ ఆన్ చేస్తే వెనకున్నవి వెలిసినట్టు కనిపిస్తాయి, చూడ్డానికి బాగుంటుంది. కానీ అది గీతని సన్నం చేయదు, పలచన చేస్తుంది. ఆ పలచని బూడిదరంగు జిరాక్స్‌లో నిలబడదు. చివరికి లైన్‌వర్క్ టూల్ తీసుకుని ముందున్న అంచుల్ని ఒక్కొక్కటిగా ముట్టుకోవాల్సిందే. ఎలివేషన్‌కి అరగంట ఎక్కువ పడుతుంది, ఆ అరగంట పెట్టొచ్చు.

ఈ పద్ధతి మొదలుపెట్టేవాళ్లు ప్లాటింగ్ షాపుకి డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ డ్రాయింగ్ ఫైల్) ఒక్కటే పంపకండి. సీటీబీ దానితోపాటు వెళ్లదు, షాపులో ఉన్న సీటీబీతో ప్రింట్ వస్తుంది, మీరు పెట్టిన మందాలన్నీ పోతాయి. మీ దగ్గరే పీడీఎఫ్ చేసి, స్కేల్ మార్చకుండా వంద శాతంలో ప్రింట్ తీయమని చెప్పండి.