పేపరు పది నిమిషాలు, ప్రయాణం రెండు రోజులు: గణిత సదస్సులకు వరంగల్, విశాఖ, తిరుపతి, హైదరాబాద్

నిట్ వరంగల్‌లో సదస్సుకు వెళ్లేవాళ్లు టికెట్ కాజీపేటకు తీసుకోవాలి. జంక్షన్ నుంచి నిట్ గేటు రెండు మూడు కిలోమీటర్లు, ఆటోలో పది నిమిషాలు. పేరు చూసి వరంగల్ స్టేషన్‌కు తీసుకుంటే హనుమకొండ ట్రాఫిక్ అంతా దాటుకుంటూ పది పన్నెండు కిలోమీటర్లు రావాలి. తొమ్మిదింటికి రిజిస్ట్రేషన్ ఉన్న రోజు ఆ ముప్పావుగంటే కొంప ముంచుతుంది. ఢిల్లీ నుంచి చెన్నై వైపు పోయే రైళ్లలో చాలావాటికి కాజీపేట దారిలోనే ఉండదు, నేరుగా వరంగల్ పోతాయి. సికింద్రాబాద్–విశాఖ వందేభారత్ కూడా ఆగేది వరంగల్‌లోనే. అలాంటి రైలే దొరికితే కంగారు పడక్కర్లేదు. స్టేషన్‌కు ఎదురుగానే బస్టాండు, హనుమకొండ మీదుగా కాజీపేట పోయే బస్సు నిట్ ముందు నుంచే పోతుంది. కాకపోతే గంట ముందే చేరేలా చూసుకోవాలి.

స్టేషన్ గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, సదస్సు రెండు రోజులైనా మనం మాట్లాడేది పది నిమిషాలు, ప్రశ్నలకు ఇంకో రెండు. రైలు, గది, భోజనం, గుడి దర్శనం అన్నీ ఆ పన్నెండు నిమిషాలకు అనుగుణంగా కుదుర్చుకోవాలి. చాలామంది దీన్ని తిరగేస్తారు. ముందు ఊరు చూసే ప్లాను వేసుకుని, స్లైడ్లు రైల్లో పూర్తిచేస్తారు. ఫలితం తెర మీద స్పష్టంగా కనిపిస్తుంది.

మన రెండు రాష్ట్రాల్లో ఇలాంటి సదస్సులు ఎక్కువగా డిసెంబరులోనే పడతాయి. 22న రామానుజన్ పుట్టినరోజు, 2012 నుంచి అదే జాతీయ గణిత దినోత్సవం. కాలేజీలన్నీ ఆ వారం చుట్టూనే తేదీలు పెట్టుకుంటాయి. అదే వారంలో శబరిమల రద్దీ, క్రిస్మస్ సెలవులు, వెనకే సంక్రాంతి. రైల్వే రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. పేపరు అంగీకరించినట్టు మెయిలు వచ్చేది మాత్రం చాలాసార్లు నెల రోజుల లోపు. కాబట్టి అంగీకారం కోసం ఆగకుండా 60వ రోజునే టికెట్ తీసుకోవడం మంచిది. బాగా ముందుగా రద్దు చేసుకుంటే స్లీపరులో మనిషికి పోయేది కొద్ది మొత్తమే. తత్కాల్‌ను నమ్ముకుంటే ముందు రోజు పదింటికి ఏసీకి, పదకొండింటికి స్లీపరుకు కుస్తీ పట్టాలి. డిసెంబరు చివరి వారంలో అది లాటరీయే.

విశాఖకు రాత్రి బండి మేలు. హైదరాబాద్‌లో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి దిగుతారు. టికెట్ మీద విశాఖపట్నం అనే ఉందో, దువ్వాడ అని ఉందో చూసుకోవాలి. విశాఖ స్టేషన్‌లోకి వెళ్లిన బండి ఇంజను మార్చుకుని వెనక్కి రావాల్సి ఉంటుంది కాబట్టి, హౌరా వైపు పోయే కొన్ని దూరపు రైళ్లు ఊళ్లోకి రాకుండా దువ్వాడలో ఆగి పోతాయి. అక్కడి నుంచి ఆంధ్రా యూనివర్సిటీ ఇరవై కిలోమీటర్ల పైనే. ఇంకో తికమక క్యాంపస్‌లోనే ఉంది. గణిత విభాగం సైన్సు కాలేజీలో ఉంటే, ఇంజినీరింగ్ కాలేజీకి విడిగా ఇంజినీరింగ్ మ్యాథమెటిక్స్ విభాగం ఉంది. రెండు క్యాంపస్‌లూ వేరు. బ్రోషరులో ఏ విభాగం పేరుందో చూసి ఆటో ఎక్కాలి.

విశాఖలో బస బీచ్ రోడ్డులో అక్కర్లేదు. సముద్రం కనబడే గదికి డబ్బులు ఎక్కువ, పొద్దున ఆటో దొరకడం తక్కువ. సిరిపురం, ఆసీల్‌మెట్ట వైపు ఉంటే ఏయూ దగ్గర, ఆర్టీసీ కాంప్లెక్స్ కూడా దగ్గర. తెల్లవారుజామున దిగేవాళ్లు గది తీసుకునేటప్పుడు అడగాల్సిన మొదటి మాట చెకౌట్ గురించి. స్టేషన్ దగ్గరి లాడ్జీల్లో చాలావాటికి 24 గంటల లెక్క, అంటే ఆరింటికి దిగితే మర్నాడు ఆరింటి దాకా గది మీదే. యాప్‌లో బుక్ చేస్తే అదే లాడ్జీ మధ్యాహ్నం పన్నెండు నుంచి పన్నెండు దాకా అనే లెక్కకు మారిపోతుంది, పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నం దాకా ఇంకో రోజు అద్దె అడుగుతారు. ఫోన్ చేసి మాట్లాడుకుంటే ఈ బాధ ఉండదు. సాయంత్రం ఆర్కే బీచ్, అక్కడే ఉన్న కురుసుర జలాంతర్గామి మ్యూజియం చాలు. సింహాచలం రెండో రోజుకు అట్టిపెట్టుకోవాలి.

తిరుపతిలో లెక్క వేరు. ఊరి హోటళ్లన్నీ భక్తుల చుట్టూ తిరుగుతాయి. శని, ఆదివారాల్లో అద్దె పెరుగుతుంది. డిసెంబరు చివరో జనవరి మొదట్లోనో వచ్చే వైకుంఠ ఏకాదశి వారంలో సదస్సు పడితే ఎంతిచ్చినా గది దొరకదు. అక్కడ నిర్వాహకులిచ్చే గెస్ట్ హౌస్‌ను వదులుకోకూడదు. టీటీడీ విష్ణునివాసం రైల్వేస్టేషన్‌కు ఎదురుగానే ఉంది, శ్రీనివాసం బస్టాండుకు ఎదురుగా ఉంది. దొరికితే రెండూ శుభ్రమే, చౌకే. కానీ వాటి కేటాయింపు యాత్రికుల కోసం, సదస్సు టైముకు అవి కుదురుతాయన్న భరోసా లేదు. శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ (ఎస్వీయూ) ఊళ్లోనే ఉంది. ఐఐటీ తిరుపతి మాత్రం ఏర్పేడు దగ్గర, పాతిక కిలోమీటర్ల దూరం. అక్కడ సదస్సైతే రేణిగుంటలో దిగడమే సుఖం, తిరుపతి దాకా వెళ్లి వెనక్కి రావడం దండగ.

దర్శనం పేపరు తర్వాతే. సర్వదర్శనం క్యూ ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ టికెట్ ఉన్నా కొండ ఎక్కి దిగి వచ్చేసరికి ఒక పూట పోయినట్టే. మొదటి రోజు పొద్దున దర్శనం చేసుకుని మధ్యాహ్నం మాట్లాడదామనుకున్నవాళ్ల పేర్లు సెషన్ చైర్, అంటే ఆ సెషన్ నడిపే పెద్ద, రెండుసార్లు పిలిచి పక్కన పెట్టేయడం మామూలే.

హైదరాబాద్‌లో బస సమస్య కాదు, దూరమే సమస్య. సెంట్రల్ యూనివర్సిటీ గచ్చిబౌలిలో ఉంది. సికింద్రాబాద్‌లో దిగితే పాతిక కిలోమీటర్లు. తిరుపతి నుంచి నారాయణాద్రి, కాకినాడ నుంచి గౌతమి లింగంపల్లి దాకా పోతాయి, అక్కడ దిగితే అయిదారు కిలోమీటర్లే. మెట్రోలో వచ్చేవాళ్లు సికింద్రాబాద్ ఈస్ట్‌లో ఎక్కి రాయదుర్గంలో దిగి ఆటో పట్టుకోవచ్చు. మెయిన్ గేటు దగ్గర దిగిపోయి నడుద్దామనుకోవద్దు, క్యాంపస్ అంత పెద్దది. ఉస్మానియాకైతే తార్నాక మెట్రో చాలు.

అనంతపురంలో సదస్సైతే పక్కనే ఉన్న గుత్తిని కూడా గుర్తు పెట్టుకోవాలి. అక్కడ డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్ 1907లో అనలిటిక్ క్లబ్ పేరుతో మొదలుపెట్టినదే తర్వాత ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ అయింది. మన దేశంలో గణితవేత్తలు ఒకచోట చేరి పేపర్లు చదువుకునే అలవాటుకు ఒక వేరు ఆ కోట ఊళ్లోనే ఉంది. యాభై కిలోమీటర్ల ప్రయాణం, సగం రోజు పెట్టుకుంటే కోట కూడా చూడొచ్చు.

యూనివర్సిటీ గెస్ట్ హౌస్ మంచిదా, హోటల్ మంచిదా అంటే, మొదటిసారి పేపరు చదివేవాళ్లకు గెస్ట్ హౌసే. రాత్రి భోజనాల దగ్గర మీ సబ్జెక్టువాళ్లు ఇద్దరు తగులుతారు. మర్నాటి ప్రశ్నలు సగం అక్కడే తెలిసిపోతాయి. ఇబ్బందులూ ఉంటాయి. గదికి ఇద్దరు ముగ్గురు, ప్లగ్ పాయింట్ ఒకటి. వైఫైకి క్యాంపస్ లాగిన్ కావాలి. తాళం కేర్‌టేకర్ దగ్గర ఉంటుంది, తెల్లవారుజామున నాలుగింటికి ఆయన లేవడు. ముందు రాత్రి ఎనిమిదిలోపు ఫోన్ చేసి బండి టైము చెప్పాలి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఒకటి తీసుకెళ్లండి. టీఏ (ప్రయాణ భత్యం) కావాల్సినవాళ్లు బిల్లు మీద తమ పేరు, తేదీలు, రసీదు నంబరు ఉన్నాయో లేదో గది ఖాళీ చేసేటప్పుడే చూసుకోవాలి.

ఇక స్లైడ్లు. లేటెక్‌లో స్లైడ్లు చేయడానికి వాడే బీమర్‌లో కొలత ఏమీ చెప్పకపోతే స్లైడు 4:3 కొలతలో, 128 మిల్లీమీటర్ల వెడల్పు, 96 ఎత్తుతో వస్తుంది. ఇప్పుడందరూ లాప్‌టాప్‌లో బాగుంటుందని 16:9 పెడుతున్నారు, అంటే 160 వెడల్పు, 90 ఎత్తు. కాలేజీ సెమినార్ హాళ్లలో ఇప్పటికీ 1024×768, అంటే 4:3 ప్రొజెక్టర్లు చాలా ఉన్నాయి. వాటి మీద 16:9 స్లైడు వేస్తే 160 మిల్లీమీటర్లు 128 స్థానంలో ఇరుక్కోవాలి. అక్షరం ఐదో వంతు చిన్నదవుతుంది, తెర పైనా కిందా నల్లగా ఖాళీ మిగులుతుంది. అదే 4:3 స్లైడును కొత్త వెడల్పాటి తెర మీద వేస్తే అక్షరం తగ్గేది ఆరు శాతమే. హాలు ఎలాంటిదో తెలియనప్పుడు 4:3 పెట్టడమే తెలివైన పని. పవర్‌పాయింట్ వాడేవాళ్లు తప్పకుండా పీడీఎఫ్ కూడా చేసుకోవాలి. అక్కడి పాత కంప్యూటరులో సమీకరణాలు డబ్బాలుగా మారిపోతాయి. ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మీ మెయిల్లో ఒకటి ఉంచుకోండి. సొంత లాప్‌టాప్ వాడితే హెచ్‌డీఎంఐతో పాటు వీజీఏ కన్వర్టర్ కూడా సంచిలో ఉండాలి.

మన దగ్గర పేపర్లలో ఫ్లూయిడ్ డైనమిక్స్, అంటే ద్రవాలు, వాయువుల ప్రవాహాల లెక్కలు ఎక్కువ. వాటిలో పదే పదే జరిగే పొరపాటు గ్రాఫులదే. అయస్కాంత పరామితికి ఆరు విలువలు, ఆరు రంగుల గీతలు, మూలన చిన్న అక్షరాలతో వివరం. గ్రాఫులు గీసే మ్యాట్‌ల్యాబ్ సాఫ్ట్‌వేర్ మామూలుగా గీసే గీత మందం 0.5 పాయింట్లు. కిటికీ వెలుతురు పడుతున్న హాల్లో అందులో పసుపు, లేత నీలం పూర్తిగా మాయమవుతాయి. మూడు విలువలే తీసుకోండి, మందం 2 పాయింట్లకు పెంచండి, ఒకటి నిండు గీత, ఒకటి ముక్కల గీత, ఒకటి చుక్కల గీతగా పెట్టండి. విలువను గీత పక్కనే రాయండి. పరామితి పెరిగితే వేగం తగ్గుతోందని ఒక బాణం గుర్తు చెబితే చాలు, వేడి ఎంత ప్రసరిస్తోందో చెప్పే నసెల్ట్ నంబరు పట్టికలో ఇరవై వరుసలు ఎవరూ చదవరు.

సిద్ధాంతం పేపరైతే ఒక చిన్న ఉదాహరణ పది నిర్వచనాల పెట్టు. గ్రేస్‌ఫుల్ లేబులింగ్ మీద మాట్లాడుతున్నారనుకోండి. నాలుగు చుక్కల దారి గీసి 0, 3, 1, 2 అని రాయండి. పక్కపక్క తేడాలు 3, 2, 1. గీతలు మూడు, 1 నుంచి 3 దాకా ప్రతి తేడా ఒక్కసారే వచ్చింది, అదే గ్రేస్‌ఫుల్ అంటే. హాలంతటికీ అర్థమవుతుంది. వెంటనే అయిదు చుక్కల చక్రానికి ఇది ఎందుకు కుదరదో చెప్పండి. అక్కడ గీతలు అయిదు కాబట్టి తేడాలు 1 నుంచి 5 దాకా రావాలి, మొత్తం 15, బేసి. చక్రం చుట్టూ తిరిగి మొదటికే వస్తాం కాబట్టి తేడాల మొత్తం ఎప్పుడూ సరి. అయిపోయింది. నలభై సెకన్లలో ఒక నిజమైన నిరూపణ విన్న సభ, తర్వాతి మీ సిద్ధాంతాన్ని చెవొగ్గి వింటుంది.

స్లైడ్లు ఎనిమిదికి మించకూడదు. వాటితో పాటు అయిదు నిమిషాల రూపం కూడా సిద్ధంగా ఉండాలి. కారణం ప్రారంభోత్సవం. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, అతిథుల మాటలు పదకొండింటికి అయిపోవాల్సినవి పన్నెండు దాటుతాయి. ఆ గంట కోత పడేది మధ్యాహ్నం పేపర్ల మీదే. చైర్ లేచి ఆరు నిమిషాలే అన్నప్పుడు వేగంగా మాట్లాడితే లాభం లేదు. సమస్య, ఉదాహరణ, ఫలితం చెప్పి నిరూపణ వదిలేయాలి. కరెంటు పోతే కంప్యూటర్ యూపీఎస్ మీద నడుస్తుంది, ప్రొజెక్టర్ ఆగుతుంది. దీపం ఉన్న పాత ప్రొజెక్టర్ చల్లబడితే తప్ప మళ్లీ వెలగదు, రెండు మూడు నిమిషాలు పోతాయి. అందుకే ఉదాహరణ బోర్డు మీద గీయగలిగేదై ఉండాలి. చివరి వరసకు కనబడాలంటే అక్షరం అరచేతి వెడల్పంత ఎత్తు ఉండాలి.

సర్టిఫికెట్లు ఇచ్చేది రెండో రోజు ముగింపు సభలో, నాలుగింటికని రాసి ఉంటే అయిదున్నర అవుతుంది. తిరుగు రైలు ఎనిమిది తర్వాతే పెట్టుకోండి. సర్టిఫికెట్ చేతికి రాగానే ఇంటిపేరు, ఇనీషియల్స్, పేపరు శీర్షిక పదో తరగతి మెమోలో, అబ్‌స్ట్రాక్టులో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. ప్రమోషన్ ఫైల్లో ఒక్క అక్షరం తేడా వచ్చినా పక్కన పెడతారు. కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు ఆ సాయంత్రం రెండు నిమిషాల్లో మళ్లీ ప్రింటు తీసిస్తాడు. వారం తర్వాత ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లుండరు.