ఆరేళ్లలో మూడు చోట్లు మారిన మా హాల్లో టీవీ

2019లో నిజాంపేటలో ఫ్లాట్‌లోకి దిగినప్పుడు టీవీ ఎక్కడ పెట్టాలన్న ఆలోచనే మాకు రాలేదు. తూర్పు గోడకు ఐదున్నర అడుగుల ఎత్తున బిల్డర్ ఇచ్చిన ప్లగ్ పాయింటు ఉంది. బిగించడానికి వచ్చిన కుర్రాడు 55 అంగుళాల టీవీని అక్కడే తగిలించి వెళ్లాడు. హాలు నిండుగా ఉందని చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు.

మా ఇంట్లో టీవీ ఎక్కువగా చూసేది అమ్మ. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా సీరియల్స్, అదీ దివాన్ మీద కూర్చుని, ఒళ్లో పళ్లెంలో గోరుచిక్కుళ్లు పెట్టుకుని. ఈనెలు తీస్తున్నంతసేపూ తల కిందికి, డైలాగు వినబడగానే తల పైకి. ఏడాదిన్నర తిరిగేసరికి మెడ పట్టేసింది. డాక్టరుగారు దిండు గురించి అడిగారు, ఇంటి పని గురించి అడిగారు. టీవీ ఎంత ఎత్తులో ఉందని అడిగింది ఫిజియోథెరపీ అమ్మాయి. ఆ రాత్రే టేపు పెట్టి కొలిచాను. కూర్చున్నప్పుడు అమ్మ కళ్లు నేలకు 39 అంగుళాల ఎత్తులో ఉన్నాయి. టీవీ నడిమధ్య 66.

2021లో అదే గోడమీద కిందికి దించాం. నొప్పి మొత్తం టీవీ వల్లేనని చెప్పలేను గానీ, రెండు నెలల్లో అమ్మ మెడ నొక్కుకుంటూ కూర్చోవడం తగ్గింది. బొమ్మ కూడా మెరుగైంది. కింది నుంచి చూసినప్పుడు నలుపంతా బూడిదరంగుగా కనిపించేది, ఆ తేడా పోయింది.

ఎండ బాధ మాత్రం అలాగే ఉండిపోయింది. మా బాల్కనీ పడమర వైపు, టీవీకి సరిగ్గా ఎదురుగా. 2023 నవంబరు 19న ప్రపంచకప్ ఫైనల్ మధ్యాహ్నం రెండింటికి మొదలైంది. చుట్టాలంతా వచ్చారు. నాలుగు దాటాక కోహ్లీ 54 దగ్గర బౌల్డయ్యాడు. ఆ క్షణంలో మాకు తెరమీద బాల్కనీ గ్రిల్లు, ఆరేసిన తువ్వాళ్లు కనిపించాయి. కర్టెన్లు లాగితే గాలి లేక ఉక్కపోత. బ్రైట్‌నెస్ పెంచి చూశాం, ఎదురెండ ముందు అది ఆగదు.

ఈసారి తొందరపడలేదు. టీవీ అంత సైజులో, అంటే 48 అంగుళాల వెడల్పు, 27 అంగుళాల ఎత్తున, దక్షిణ గోడకు పాత పేపర్లు అతికించి వారం రోజులు ఉంచాం. సాయంత్రం నాలుగింటికి మా ఆవిడ అక్కడ అద్దం పట్టుకుని నిలబడితే నేను సోఫాలో కూర్చుని చూశాను. బాల్కనీ పక్కకు పోయింది, వంటింటి ట్యూబ్‌లైటు ఒక మూల పడింది. గోడకు తూర్పు చివరకు అడుగు జరిపితే అదీ పోయింది. టీవీ ఆగ్నేయంలో ఉండాలని నాన్న మొదటి నుంచీ అంటున్న మాట కూడా అలా నెరవేరింది, ఆయన సంతోషం చూడాలి!

ఆ గోడ లైట్‌వెయిట్ బ్లాకులది. మామూలు ప్లగ్గులు కొడితే పట్టు నిలవదని ఎలక్ట్రీషియన్ చెప్పాడు. అందుకే తగిలించకుండా 22 అంగుళాల ఎత్తున్న టీవీ యూనిట్ మీద పెట్టాం. మా పాప లాగితే మీద పడకుండా వెనక బెల్టుతో యూనిట్‌కు కట్టించాను. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది తప్పనిసరి.

ఇప్పుడు సోఫా నుంచి తెరకు ఎనిమిదిన్నర అడుగులు. 55 అంగుళాలకు ఇది చక్కటి దూరం, మునుపు పదకొండు అడుగుల నుంచి స్కోరు అంకెలు చదవడానికే కళ్లు చికిలించేవాళ్లం. దాదాపు రెండేళ్లుగా ఇక్కడే ఉంది. లోపాలూ ఉన్నాయి. బట్టలు ఆరేయడానికి వెళ్లేవాళ్లు తెరకు అడ్డంగా నడవాలి. వంట చేస్తూ చూసే వీలు పోయింది, మా ఆవిడకు అది నిజంగా లోటే. వైరు కోసం గోడమీద వేసిన కేసింగ్ పట్టీ కూడా కంటికి కొడుతుంది.

ఫ్లాట్ ఇంకా కట్టుబడిలో ఉన్నవాళ్లు కరెంటు పైపులు వేసేటప్పుడే బిల్డర్‌ని అడగండి: బాల్కనీకి ఎదురు గోడకు కాదు, పక్క గోడకు, నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తులో పాయింటు ఇమ్మని.