నిప్పుకోళ్ళ షెడ్డులో రబ్బరు మ్యాట్లు: నాలుగేళ్ళ వాడకం తరువాత

నిప్పుకోళ్ళ షెడ్డుకు నేల అనగానే చాలామంది ముందు అడిగేది కడగడం సులువేనా అని. అడగాల్సింది తడిస్తే జారుతుందా అని. నూరు కిలోలు దాటిన పక్షి బరువంతా రెండు కాళ్ళ మీదే, అదీ కాలికి రెండే వేళ్ళు. నున్నటి గచ్చు మీద బెదిరి గిర్రున తిరిగిందంటే కాళ్ళు చెరో పక్కకీ జారిపోతాయి. అలా పడ్డ పక్షి మళ్ళీ లేచి నడవడం కష్టం. పైగా ఇది మూత్రాన్ని రెట్టతో కలపకుండా విడిగా వదులుతుంది కాబట్టి నేల ఎక్కడో ఒకచోట తడిగానే ఉంటుంది.

వాడుతున్నది ఇదీ: చీపురు గీతలు పెట్టిన గచ్చు, మీటరుకు రెండు సెంటీమీటర్ల వాలు, పైన పశువుల పాకల్లో వేసే 18 మి.మీ. రబ్బరు మ్యాట్లు. గీతలు వాలు వైపే సాగాలి, అడ్డంగా ఉంటే నీళ్ళు నిలుస్తాయి.

పట్టు విషయంలో మ్యాట్లకు వంక పెట్టలేం. ఉత్త గచ్చు మీద కూర్చునే పక్షులకు రొమ్ము దగ్గర చర్మం ఒరుసుకుపోతుంది, ఇక్కడ ఆ బాధ లేదు. చిక్కంతా అతుకుల దగ్గరే. మూత్రం వాటిలోంచి కిందికి దిగుతుంది. పదిరోజులు వదిలేసి ఒక మూల ఎత్తి చూడండి: నల్లటి జిగురు, కళ్ళు మండించే అమ్మోనియా ఘాటు. వారానికోసారి లేపి కడగాల్సిందే, ఒక్కో మ్యాటుకు ఇద్దరు మనుషులు కావాలి.

రెండో చిక్కు ముక్కు. అంచు కాస్త చిట్లిందంటే పొడిచి పొడిచి రబ్బరు ముక్కలు మింగేస్తాయి, అవి పొట్టలో అడ్డుపడతాయి. అందుకే పొడి రాలే చవక రకం కొనొద్దు. గోడ పక్క అంచుల మీద చెక్కపట్టీ వేసి, తలలు లోపలికి దిగేలా బోల్టులతో బిగించాలి. మేకులు అసలే వద్దు, ఊడితే వాటినీ మింగేస్తాయి.

పిల్లలకు మూడు నెలలొచ్చేదాకా ఇసుక, రంపపు పొట్టు, గడ్డి ఏదీ పరవకూడదు. తిని పొట్ట బిగిసి చస్తాయి. కాగితాలు పరిస్తే జారి కాళ్ళు వంకరపోతాయి. గరుకు మ్యాటొక్కటే మేలు, రోజూ తీసి కడిగి, ఆరబెట్టి వేయాలి.

పెద్దవాటికి ఇసుకస్నానం కోసం ఒక మూల ఇరవై సెంటీమీటర్ల మందాన ముతక ఇసుక చాలు. షెడ్డంతా పోస్తే తడి కింద నిలిచిపోతుంది. బూజు పట్టిన గడ్డి మాత్రం లోపలికే రానివ్వొద్దు, ఆ బూజు నేరుగా ఊపిరితిత్తులకే పోతుంది.

ఈమూలు తేలిక, కాలికి మూడు వేళ్ళు. వాటికి దిమ్మిస వేసిన మట్టినేల చాలు, గుమ్మం దగ్గరా నీళ్ళతొట్టి దగ్గరా మ్యాటు వేస్తే సరి.